ముందు సగం నాది

ఐ టీచ్, ఐ టీచ్, ఐ టీచ్. బొటనవేలు ఐ, చూపుడువేలు టీచ్, నా వంతు అక్కడితో సరి. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెనవేలు ఆయనవి, ఆయనగారేమో ఇంకా రాలేదు. కాసేపట్లో పిలుస్తారని ప్యూను చెప్పి వెళ్ళి ఎంతసేపయిందో తెలియదు, ఈ వరండాలో గడియారం ఉంది గానీ అది ఎప్పుడో ఆగిపోయింది, ఇంగ్లీషు బడిలో కూడా గడియారాలు ఆగుతాయన్నమాట, ఆ మాట అనుకుంటే కాస్త ధైర్యం వచ్చింది. ఒళ్ళో ఉమ రిబ్బను కొస నములుతోంది, వద్దంటే ఆపుతుంది, నేను వేళ్ళ లెక్కలో పడగానే మళ్ళీ మొదలుపెడుతుంది. దానికేం తెలుసు, లోపల సిస్టరు అమ్మానాన్నలిద్దర్నీ కూర్చోబెట్టి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు అడుగుతుందనీ, ఆ నాలుగు ముక్కలకీ మేం నోరు విప్పితేనే తనకి కేజీలో సీటనీ, ఈ ఏడు తప్పితే వయసు దాటిపోతుందనీ. నా పక్కన బల్ల మీద చేతిసంచి పెట్టాను, అది ఆయన చోటు. పట్టుచీర కట్టుకున్న బెంగాలీ ఆవిడ ఒకరు వచ్చి, దీదీ, బ్యాగ్‌టా ఎక్టు సొరాబెన్, అంది మర్యాదగానే, సంచి కొంచెం జరుపుతారా అని. లోక్ ఆస్‌ఛే, అన్నాను, మనిషి వస్తున్నాడు. ఆవిడ నన్నూ సంచినీ చూసి గోడ దగ్గర నిల్చుంది. నిల్చోనీ. మా మథురాకాటి రైల్వే క్వార్టర్ల కొళాయి దగ్గర పద్ధతే అంత, మనిషి లేకపోయినా బకెట్టు ఉంటే వంతు ఉన్నట్టే, బకెట్టు జరిపినవాళ్ళకి ఆ పూట నీళ్ళకన్నా ముందు తిట్లు దొరుకుతాయి.

బకెట్లు అంటే గుర్తొచ్చింది, ఈ ఇంగ్లీషు నాకు తలకెక్కింది ఆ బకెట్ల వల్లే. పక్క క్వార్టరు దేవమణక్క రైల్వే ఆసుపత్రిలో ఆయా, ఆదివారాలు చర్చిలో పిల్లలకి కథలు చెప్తుంది, పాతకాలం దొరసాని దగ్గర పని చేసిన ఇంగ్లీషు ఆమెది. సాయంత్రాలు మా గడపలో కూర్చుని నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్క వేలూ ముడిచేది, ఎవరు, ఏం చేస్తారు, ఎవర్ని, ఎక్కడ, ఎప్పుడు, అంతే, ఇంగ్లీషంతా ఈ గుప్పెట్లోనే ఉందనేది. నేనేమో ఐ ఉమా టీచ్ అనేదాన్ని. అక్క నుదురు కొట్టుకునేది. "ఒలే రత్నం, మన మాటలో పని ఆకర్న వొస్తాది. బెంగాలీవోల్లదీ అంతే, ఇందీవోల్లదీ అంతే. ఈ దొరల మాటలోనే మనిసి యెనకాల పని నిలబడాల. ఆ రెండింటి మద్దిన ఇంకోటి దూరీకూడదు." దూరితే ఏమవుతుంది, చేపని ఉమ తింది అన్నా ఉమ చేపని తింది అన్నా మనకి తేడా లేదు కదా అంటే, ఆవిడ ఫిష్ ఈట్స్ ఉమా అని చెప్పి, అర్థం విడమరిచి, ఉమ వీపు మీద ఒక చరుపు చరిచి, "ఇదిగో, సేప నీ కూతుర్ని మింగీసింది" అంది. ఉమ ఆ రాత్రి చేపల కూర ముట్టలేదు. నాకు మాత్రం అప్పుడే తెలిసింది. మన మాటలు పేరు రాసిన బకెట్లు, ఎక్కడ పెట్టినా ఎవరివో తెలిసిపోతాయి. ఇంగ్లీషు మాటలు గోలే బజారులో ఒకే కొట్లో కొన్న రేకు బకెట్లు, అన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఏది ఎవరిదో చెప్పేది అది నిలబడ్డ చోటే. ఆ తర్వాత నేను ఒక్కనాడూ వరస తప్పలేదు. వరసల సంగతి కొళాయి దగ్గర పెరిగిన ఆడదానికి ఒకరు నేర్పాలా.

అయితే తిప్పలు వరసతో కాదు, ఆయన పేరుతో వచ్చాయి. సిస్టరు తప్పకుండా అడిగేది అదేనని దేవమణక్క మొట్టమొదటి వాక్యంగా అదే పెట్టింది, మై హస్బెండ్స్ నేమ్ ఈజ్. నేను అంతవరకూ గడగడా చెప్పి ఆగిపోయాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ పేరు నా నోట పలికింది లేదు. రేషను షాపులో అడిగితే ఉమ చేత చెప్పిస్తాను, ఉమకి మాటలు రాకముందు వరసలో నా వెనక నిల్చున్న వాళ్ళు చెప్పేవాళ్ళు. మా అమ్మ అయితే ఆ పేరులో ఉన్న రంగు కూడా పలకొద్దంది, అందుకే నేను ఇప్పటికీ బట్టల కొట్లో కుంకం రంగు చీర చూపించమంటాను, కొత్త గుమాస్తాలు నవ్వుతారు, పాతవాడు తెలిసినవాడు గనక సరైన బీరువా తెరుస్తాడు. ఆ సాయంత్రం అక్క ఎదురుచూస్తోంది, నేను నోరు తెరుచుకుని ఉన్నాను, అంతలో పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్న ఆయన తన పేరు తానే అందించాడు, అందించి ఊరుకోక వెనకాలే హైసా కూడా అన్నాడు. దేవమణక్క పడీపడీ నవ్వింది. నవ్వితే నవ్వింది గానీ మాకు దారి దొరికింది ఆ క్షణమే. అప్పటిదాకా ఆయనకి ఒక్క ముక్క ఎక్కలేదు, డ్యూటీ నుంచి వచ్చి పీట మీద కూర్చుని మొదటి వేలు ముడిచేలోగానే కునికేవాడు. సగం మాట నేనంటే సగం మాట తనది అన్నాక మాత్రం కునుకు ఎటు పోయిందో పోయింది.

ఆయన రైల్వే వర్క్‌షాపులో, చక్రాల షాపులో ఖలాసీ. క్రేను అందని చోట బండి చక్రాల్ని పలుగులేసి మనుషులే దొర్లించాలి, దొర్లించాలంటే పాట ఉండాలి. మేటు గోవిందరావు సగం మాట విసురుతాడు, గ్యాంగు తక్కిన సగం అందుకుంటుంది. పొద్దోయిందంటే, అంటాడు మేటు. ఇంటికి పోదాం హైసా, అంటుంది గ్యాంగు. ఇంటికి పోతే, అంటాడు. పులుసూ అన్నం హైసా. మేటు పిలిచినప్పుడు చక్రం కదలదు, గ్యాంగు అందుకున్నప్పుడే కదులుతుంది, బలమంతా ఆ వెనక సగంలోనే ఉందని ఆయన చాలాసార్లు గొప్పగా చెప్పాడు. అందులో బెంగాలీ వాళ్ళున్నారు, ఒరియా వాళ్ళున్నారు, బీహారు వాళ్ళున్నారు, పాట తెలుగుదయినా హైసా అందరిదీ. పిలుపు చెవిన పడ్డాక నోరు మూసుకుని ఉండటం ఖలాసీ వల్ల కాదు. ఒక ఆదివారం టీవీలో దేవుడి సీరియలు చూసి మేం వర్క్‌షాపు గోడ వారన ఇంటికి నడిచొస్తున్నాం, ఆయన ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు, ఉమ మెడ మీద ఉంది, లోపల ఓవర్‌టైము గ్యాంగు పని చేస్తోంది, గోడ అవతల ఎవరో మేటు పిలిచాడు, గోడ ఇవతల రోడ్డు మీద ఈయన హైసా అన్నాడు. ఎంత గట్టిగా అన్నాడంటే రిక్షావాడు బ్రేకు వేశాడు. నేను సిగ్గుతో చచ్చాను. "ఏటి మావా ఇది, సెలవు పూటా మానవా" అంటే, "నాను అన్నేదే. అదే వొచ్చీసింది" అన్నాడు, ఉమ మెడ మీద ఊగుతూ ఇంకోసారి అను నాన్నా అంటోంది.

అలా ఇంగ్లీషుని కూడా దొర్లించేశాం. నేను బియ్యం ఏరుతూ వి లివ్ అంటే ఆయన బీడీ ముట్టించుకుంటూ ఇన్ మథురాకాటి అనేవాడు. ఐ టీచ్ అంటే, ఉమా ఎట్ హోమ్ ఎవ్రీ ఈవెనింగ్. వి వాంట్ అంటే, ఎ సీట్ ఫర్ అవర్ డాటర్. ముందు రెండు వేళ్ళు నావి, వెనక మూడు వేళ్ళు ఆయనవి, ఎవరి సొత్తు వాళ్ళది, ఎంత బాగుందో. దేవమణక్క ఒకనాడు విని, నవ్వడం మానేసి, "ఇదిగో, ఆ సిస్టరు ఒకల్నే అడిగితే ఏటి సేస్తారు. ఒక్కొక్కలూ మొత్తం నేర్సుకోండి" అంది. మేం మొహాలు చూసుకున్నాం. ఇద్దరం కలిసే కదా వెళ్తాం, ఒకరుండి ఒకరు లేకపోవడమేమిటి, అక్కకి అన్నీ అనుమానాలే అనుకున్నాం. పెద్దల మాట చద్దన్నం మూట అని ఊరికే అన్నారా. ఇప్పుడు సగం ఇంగ్లీషు ఒళ్ళో పెట్టుకుని ఇక్కడ కూర్చున్నాను.

వర్క్‌షాపు సైరను ఇందాకే కూసింది. ఔట్‌పాసు తీసుకుని సైరనుకి ముందే వచ్చేస్తానన్నాడు, తెల్లచొక్కా మడత పెట్టి సైకిలు హ్యాండిలుకి నేనే తగిలించాను, నూనె వదిలేలా చేతులు రంపపుపొట్టుతో తోముకోమని రెండుసార్లు చెప్పాను. రావాలి. వచ్చి తీరాలి. రాడేమో. ఇదిగో ఈ రాడేమో అనే మాటని పొద్దున్నుంచీ లోపలికి రానివ్వకుండా తలుపు మూసి కూర్చున్నాను, అది కిటికీలోంచి దూరింది. నిరుడు ఫిట్టరు పోస్టుకి ట్రేడ్ టెస్టు అయింది, చేతిపని అంతా చేసి చూపించాక కొత్తగా వచ్చిన ఆఫీసరు పేరేమిటని ఇంగ్లీషులో అడిగాడట. పేరే, ఇంకేం కాదు. ఈయన నిల్చుండిపోయాడు. ఆఫీసరు మళ్ళీ అడిగాడు, ఈయన మళ్ళీ నిల్చున్నాడు, ఆఫీసరు తర్వాతి వాణ్ణి పిలిచాడు. ఆ పూటంతా ఇంటికి రాకుండా సైకిలు స్టాండులో వరస సైకిళ్ళ వెనక కూర్చున్నాడట, నాకు ఎన్నాళ్ళకో చెప్పాడు, కరెంటు పోయి ఒకరి మొహం ఒకరికి కనపడని పూట చూసుకుని చెప్పాడు. "ప్రెస్న అర్దవయింది రత్నం. జవాబూ తెల్సు. ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తెలీనేదు." ఆ రోజే అనుకున్నాను, నా కూతురు ఎవరి ముందూ అలా నిల్చోకూడదు, పేరడిగితే పేరు చెప్పాలి, అడిగినవాడి కళ్ళలోకి చూసి చెప్పాలి. ఈ బడి ఫారం తెచ్చింది నేనే, దేవమణక్క కాళ్ళావేళ్ళా పడింది నేనే. ఆయన సరేనన్నాడు గానీ ఆ సరే అనడంలో పస లేదని నాకు తెలియదా.

రాకపోతే పోనీ. నేనున్నాను. రోజూ విన్న మాటలే కదా, వినడం వేరు నోరు తిరగడం వేరు, అయినా తిప్పుతాను. వి లివ్, వి లివ్, ఇన్ మథురాకాటి. వచ్చింది. మధ్యవేలు ఖాళీ, ఉంగరపు వేలు మథురాకాటి. మై హస్బెండ్ వర్క్స్, ఇన్ ద, ఇన్ ద వర్క్‌షాప్, ఎవ్రీ డే. అదీ వచ్చింది. ఈ మాటలన్నీ ఆయన గొంతుతోనే వస్తున్నాయి, కొంచెం జీరగా, చివర్న హైసా తగిలించుకుని, ఆ హైసాని లోపలే మింగెయ్యాలి, సిస్టరు ముందు అంటే నవ్వులపాలు. వి వాంట్ ఎ సీట్, ఫర్, ఫర్ అవర్ డాటర్. ఐ టీచ్ ఉమా ఎట్ హోమ్, ఎవ్రీ ఈవెనింగ్. గుప్పెట నిండింది. చూశారా దొరల్లారా, ఐదు వేళ్ళూ నావే. ఇంక మిగిలింది ఒక్కటే. మై హస్బెండ్స్ నేమ్ ఈజ్. ఈజ్. పలికితే ఏమవుతుంది, ఆకాశం ఊడి పడుతుందా, ఆయన ఆయుష్షు అరిగిపోతుందా, ఆ పట్టుచీరావిడ తన మొగుణ్ణి ఇందాక పేరు పెట్టి పిలిచి గొడుగు తెమ్మంది, అతను చక్కగా రెండు కాళ్ళ మీద నడిచి వెళ్ళి తెచ్చాడు. పలుకుతాను. ఈజ్. నాలుక పైకి లేచి అక్కడే ఉండిపోయింది. మనసులో కూడా రావడం లేదు, రంగు వస్తోంది, కుంకం వస్తోంది, మందారం వస్తోంది, పేరు రావడం లేదు. నా మొండితనం అంతా ఎక్కడికి పోయిందో ఈ ఒక్క మాట దగ్గర.

"అమ్మా, నాన్న సైకిలు" అంది ఉమ. రిబ్బను నోట్లోనే ఉంది. అది వేలు చూపించిన వైపు చూశాను, వరండా కటకటాల్లోంచి, గేటు దాటి, రోడ్డు అవతల టీకొట్టు. అవును, అదే సైకిలు, సీటుకి నేను కుట్టిన పూల గుడ్డ తొడుగు. పక్కన ఆయన, ఇటు వీపు పెట్టి, టీకొట్టు గోడకేసి చూస్తూ. తెల్లచొక్కా వేసుకున్నాడు. ఎక్కడో ఆగి మార్చుకున్నాడన్నమాట, మెడ బొత్తాం కూడా పెట్టుకున్నాడు, నూనె రాసి దువ్వుకున్నాడు, అన్నీ చేసుకుని రోడ్డుదాకా వచ్చాడు, రోడ్డు దాటలేకపోయాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో. నాకు కోపం అరికాల్లోంచి వచ్చింది, ఇంటికి రానీ చెప్తానని పళ్ళు నూరుకున్నాను, ఆ నూరుకోవడంలోనే ఆ తెల్లచొక్కా వీపు మీద నా ఇస్త్రీ మడత ఇంకా చెదరకుండా కనపడింది, జాలి వేసింది, మనిషి మీద ఇంత జాలి వేస్తుందని నాకే తెలియదు, కళ్ళు మండాయి. సైకిలు స్టాండులో కూర్చున్న మనిషే అక్కడ నిల్చున్నాడు. వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొస్తే వస్తాడు, వచ్చి ఆఫీసరు ముందు నిల్చున్నట్టే నిల్చుంటాడు. పైగా నేను లేస్తే వంతు పోతుంది. మావా అని కేకేస్తే ఇంతమందిలో ఇంకా ముడుచుకుపోతాడు, సైకిలెక్కినా ఎక్కుతాడు. పేరు పెట్టి పిలుద్దామంటే ఆ పేరు ఎలాగూ నా దగ్గర లేదు, ఎప్పుడూ లేదు, అది ఆయన సగంలో ఉంది.

ఆయన సగంలో ఉంది.

తలుపు తెరుచుకుంది. "ఉమా కా మమ్మీ, పాపా, దోనో అందర్ ఆయియే" అన్నాడు ప్యూను, ఇద్దర్నీ లోపలికి రమ్మని. "ఎక్ మినిట్ దాదా" అన్నాను. ఉమని బల్ల మీద కూర్చోబెట్టాను. కటకటాల దగ్గరికి వెళ్ళి రెండు చేతులా ఇనుప చువ్వలు పట్టుకున్నాను, పలుగు పట్టుకున్నట్టు. జీవితంలో నేను వీధిలోకి గొంతెత్తింది లేదు, కొళాయి దగ్గర తప్ప. ఊపిరి పీల్చుకుని, మేటు గోవిందరావు పిలిచే తీరున, కడుపులోంచి, సాగదీసి, చివర్న విసిరి, పిలిచాను.

మై హస్బెండ్స్ నేమ్ ఈజ్.

పట్టుచీరావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. రోడ్డు మీద రిక్షా ఒకటి వెళ్ళింది, అది వెళ్ళేదాకా నాకు ఆయన కనపడలేదు. వెళ్ళాక ఆయన వీపు కనపడింది, భుజాలు కనపడ్డాయి, ఆ భుజాలు నాకు తెలుసు, అవి మనిషికన్నా ముందే విన్నాయి.

"ఎర్రయ్య" అన్నాడు. గోడకేసే అన్నాడు. టీకొట్టు రేకు మోగేలా అన్నాడు. వెనకాలే హైసా కూడా అనేసి, అప్పుడు ఉలిక్కిపడి ఇటు తిరిగాడు.

నన్ను చూశాడు. నేను వదల్లేదు. వి వాంట్, అన్నాను. ఎ సీట్ ఫర్ అవర్ డాటర్, అన్నాడు, అంటూ రోడ్డు మీదికి దిగాడు. వి లివ్, అన్నాను. ఇన్ మథురాకాటి, అన్నాడు, రోడ్డు దాటాడు. మై హస్బెండ్ వర్క్స్, అన్నాను, ఇన్ ద వర్క్‌షాప్ ఎవ్రీ డే అంటూ గేటు తోసుకుని లోపలికి వచ్చాడు, అందుకున్న ప్రతిసారీ ఒక నాలుగడుగులు, చక్రం కదిలినట్టే కదిలాడు. ఉమ బల్ల మీద నిలబడి హైసా హైసా అంటోంది. ఎవరో నవ్వారు, నవ్వనీ. ఆయన మెట్లెక్కేసరికి తలుపు దగ్గర ప్యూను పక్కన సిస్టరు వచ్చి నిల్చుని ఉంది, చేతిలో మా కాగితం, కళ్ళద్దాల మీంచి ఆయన్నే చూస్తోంది.

"సో యు ఆర్ మిస్టర్ ఎర్రయ్య" అంది.

నేను అందివ్వడానికి ఇందులో ముందు సగం ఏదీ లేదు. ఆయన ఒకసారి నా వైపు చూసి, మళ్ళీ సిస్టరు కళ్ళలోకి చూశాడు. "ఎస్ సిస్టర్. మై నేమ్ ఈజ్ ఎర్రయ్య" అన్నాడు. హైసా అనలేదు. సిస్టరు నవ్వు ఆపుకుంటూ పక్కకి తప్పుకుని, కమ్ ఇన్, బోత్ ఆఫ్ యు, అంది.

"ఆలీసం అయిపోయిందేటి" అన్నాడు నా చెవిలో. ఇస్త్రీ వాసనా, టీ వాసనా, దాని కింద వదలని వర్క్‌షాపు నూనె వాసనా. "లోపలికి నడు మావా" అన్నాను. "ముందు నువ్వే ఎత్తుకో" అన్నాడు. ఎత్తుకుంటాను, ఇప్పుడు నా దగ్గర రెండు సగాలూ ఉన్నాయి, కానీ ఆ సంగతి ఆయనకి ఇంటికెళ్ళాక చెప్తాను. ఉమని దింపి రిబ్బను నోట్లోంచి లాగేశాను. బల్ల మీద నా చేతిసంచి తీసి, గోడ దగ్గర అంతసేపూ నిల్చున్న పట్టుచీరావిడకి చోటు చూపించి, కూర్చోమన్నాను.

లోక్ ఎసే గేఛే, అన్నాను. మా మనిషి వచ్చేశాడు.